భారతమాత చెయ్యి

పొద్దున్న ఏడున్నరకల్లా కోటిపల్లి రేవులో ఉన్నాను. బండి మీద రెండు ప్రైమర్ డబ్బాలు, స్టెయినర్ల సంచీ, మడత నిచ్చెన. గోదారి ఎర్రబడింది. మనుషుల్నీ బళ్లనీ అవతలి ఒడ్డుకి దాటించే పంటు తిరుగుతుందో లేదో అని టెన్షన్‌గానే వచ్చాను గానీ తిప్పుతున్నారు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, ఇంకా అంతదాకా రాలేదుట. మావాళ్లకి సొంత పిల్లల పుట్టినరోజులు గుర్తుండకపోవచ్చు గానీ ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

పంటు ఎక్కి నిలబడితే చాలు, ఎవరో ఒకరు రైలు మాట తీస్తారు. కోటిపల్లి–నరసాపురం లైను, లోక్‌సభ స్పీకరుగా చేసిన మా బాలయోగి గారి రోజుల నుంచీ వింటున్నదే. కాకినాడ నుంచి ఇవతలి ఒడ్డుదాకా పట్టాలు 2004లో వచ్చాయి, గోదారి దాటి కోనసీమలోకి మాత్రం రైలు ఇంతవరకూ రాలేదు. ఈ విషయంలో నాకూ కొంచెం పాపం ఉంది. ఫ్లెక్సీలు రాకముందు నేను గోడలు రాసేవాణ్ణి. 2004లో ఒక పార్టీకి, 2009లో ఇంకో పార్టీకి ఆ రైలు బొమ్మ వేశాను. అట్ట కోసుకున్న ఇంజను ఒకటే, కింద గుర్తు మారింది అంతే. ఇద్దరూ డబ్బులు బానే ఇచ్చారు.

ఇప్పుడు పని అవతలి ఒడ్డున ఒక స్కూల్లో. పంద్రాగస్టుకి ప్రహరీ లోపలి గోడ మీద భారతమాత కావాలన్నారు, పక్కన జెండా, వెనక సింహం, దేశం మ్యాపు. హెచ్ఎం మేడమ్‌కి మొన్న ఫోన్లో అవనీంద్రనాథ్ టాగూర్ 1905లో వేసిన భారతమాతని చూపించాను. కావిరంగు చీర, నాలుగు చేతులు, ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో వరికంకులు, తెల్లగుడ్డ, జపమాల. ఆవిడ ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో సింహం ఏదండీ?" అన్నారు. సరే, సింహం వేద్దాం, రెండు చేతులే వేద్దాం, కంకులు మాత్రం ఉంచనివ్వండి, ఇది వరిసీమ కదా అని ఒప్పించాను.

ముందు జెండాలో చక్రం మొదలుపెట్టాను. మేకు కొట్టి, పురికొస కట్టి, రెండో కొసకి సుద్దముక్క కట్టి గుండ్రం గీశాను. తర్వాత అదే పురికొసని పొడవు మార్చకుండా గీత మీద అడుగులేయిస్తూ పోతే సరిగ్గా ఆరు అడుగులకి మొదలైన చోటికే వచ్చేస్తుంది. ఆరిటినీ సగం చేస్తే పన్నెండు, మళ్లీ సగం చేస్తే ఇరవై నాలుగు. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నా ఆ ఆరో అడుగు మొదటి చుక్క మీద పడినప్పుడల్లా నాకు ముచ్చటగానే ఉంటుంది. వెనకాల చేరిన పిల్లల్లో ఒకడు, "సార్, సరిగ్గా ఆరే ఎందుకొచ్చినయ్ సార్?" అన్నాడు. మీ లెక్కల సార్ని అడగమన్నాను. చక్రంలో పదిహేను ఆకులు, అంటే చువ్వలు, వేసేసరికి వాళ్లకి బెల్లు కొట్టారు.

గోడ అవతలి కొసకి ఎండ వచ్చేలోపు అమ్మవారి చెయ్యి పూర్తి చేద్దామని అటు జరిగాను. కంకుల చెయ్యి ముందే గీసి ఉంచాను, క్యాలెండర్లలో ఉంటుందే, నాలుగు వేళ్లూ పువ్వు పట్టుకున్నట్టు సుతారంగా. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ తోటకూర కట్టలు పట్టుకుని వెళ్తూ ఆగి, కాసేపు చూసి, "కంకులు అలా పట్టుకుంటారేటండీ ఎక్కడైనా? జారిపోవూ?" అంది.

"ఎలా పట్టుకుంటారక్కా?"

తోటకూర కట్ట నేల మీద పెట్టి నా చేతిలో కుంచెలన్నీ లాక్కుంది. కింద మూడు వేళ్లూ గట్టిగా బిగించి, చూపుడు వేలు కాస్త వదులుగా ఉంచి, బొటనవేలు అడ్డంగా నొక్కింది. మణికట్టు లోపలికి వంగింది. బొటనవేలు గోరు చివర సన్నగా నల్లటి చార. ఈ వారమంతా ఊడ్పులకి వెళ్తోందిట, పొద్దున్నే వంట మొదలెట్టేసి, పిల్లలకి పెట్టాక మళ్లీ చేలోకి. "నారు కట్టయినా అంతే, కంకులైనా అంతేనండీ, ఆయ్," అని కుంచెలు నా చేతిలో పెట్టి పోయింది.

నేను గీసిన చెయ్యి చెరిపేసి ఆ చెయ్యి వేశాను. కావిరంగులో చిటికెడు నలుపు, కొంచెం పసుపు కలిపితే సరిగ్గా ఆ చాయ వచ్చింది. గంటన్నర పట్టింది. ఈమధ్య నా పనిలో అంత బాగా వచ్చిన ముక్క ఇంకోటి లేదు. నందలాల్ బోస్ గుర్తొచ్చాడు. 1938లో హరిపుర కాంగ్రెస్ సభలకి గాంధీగారు అడిగితే ఆయన వేసిన బొమ్మల్లో డోలు వాయించేవాడూ, బట్టలు కుట్టేవాడూ, ధాన్యం దంచే ఆడవాళ్లూ ఉంటారు. దేశం గురించి సభ పెడుతుంటే గేటు దగ్గర దర్జీ బొమ్మ! తర్వాత రాజ్యాంగం పేజీలకి బొమ్మలు వేసిందీ ఆయనా, ఆయన శిష్యులే.

మధ్యాహ్నం సెంటర్లో టీకి వెళ్లాను. ఆ టీకొట్టు బల్ల నాకు ఏడాదిగా పని పెడుతోంది. ఇంటి దగ్గర ప్లైవుడ్ ముక్కల మీద చిన్న చిన్న బొమ్మలు వేస్తున్నాను, అన్నిటికీ కలిపి పేరు "మనకెందుకులే". ఎవరూ కొనరు, అది వేరే సంగతి. మొదట్లో ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లని ఆవులిస్తున్నట్టు, పేపరు మొహం మీద కప్పుకున్నట్టు వేశాను. అబద్ధం. వీళ్లకి నిద్ర ఎక్కడుంది? ఏ నియోజకవర్గంలో ఎంత మెజారిటీయో, ఎవరి బావమరిది ఎటు దూకాడో చెబుతారు. 2024లో రాష్ట్రంలో 80 శాతం పైనే పోలింగ్ జరిగింది, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ బస్సుల్లో నిలబడి వచ్చి మరీ వేశారు. కానీ ఇవాళ ఆ బల్లకి వెనకే పంట కాలవ, గుర్రపుడెక్కతో నిండిపోయి నీళ్లు కనిపించట్లేదు. చివరి చేలకి నీళ్లందక ఊడ్పులు ఆగాయని వాళ్లే చెబుతున్నారు. మరి అర్జీ పెట్టొచ్చు కదా అంటే పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఎందుకు బాబూ, అడిగినోడి పేరే గుర్తుపెట్టుకుంటారు," అన్నాడు. పక్కాయన తలూపాడు. గ్రామసభకి వెళ్లి మాట్లాడిన ఆఖరి మనిషి ఎవరని అడిగితే నవ్వుకున్నారు.

దాన్ని బద్ధకం అనడం మనకి సులువు. అది లెక్క. ఆ మొహంలో లెక్క కనిపించేలా ఎలా గీయాలో నాకింకా రావట్లేదు. కళ్లు అనుకుంటున్నాను, కాదేమో, గ్లాసు కింద పెట్టే తీరేమో.

మూడింటికి మేడమ్ వచ్చి చూశారు. సింహం నచ్చింది. మొహం చాలా నచ్చింది, దాన్ని ఎప్పుడూ వేసే గులాబీ తెలుపులోనే వేశాను మరి. "అంతా బావుందండీ ఆర్టిస్టు గారూ, ఆ చెయ్యొకటి... మొహం ఒక రంగూ చెయ్యి ఒక రంగూ అయిపోయింది. పైనుంచి ఎవరైనా వస్తే బాగోదు, కాస్త తెలుపు చేసెయ్యండి."

మొహాన్నే చెయ్యి రంగులోకి తెస్తానండీ అన్న మాట నోటిదాకా వచ్చింది. సగం డబ్బులు ఇంకా రావాలి. ఇంకో రెండు స్కూళ్లకి నా పేరు చెబుతానని మొన్ననే అన్నారావిడ. మంచి మనిషే, నాకు నీడలో కుర్చీ వేయించింది, మజ్జిగ ఇప్పించింది.

"అలాగేనండీ," అన్నాను.

పావుగంట కూడా పట్టలేదు. వేళ్ల పట్టు అలాగే ఉంచాను, రంగు మార్చాను, గోరు చివర చార మీదికి కుంచె వెళ్లినప్పుడు ఒక్కసారి వెనక్కి చూశాను, వంట షెడ్డుకి తాళం వేసి ఉంది, ఆవిడ అప్పటికే చేలోకి వెళ్లిపోయింది.

ఆఖరి పంటు కాదు గానీ దాని ముందుదానికి ఇటు వచ్చేశాను. ఇంటికొచ్చి డబ్బాలు దింపితే మా ఆవిడ, "ఇదేం రంగు, ఇంత మిగిల్చావు?" అంది. ఆ కావిరంగు ఇంకా అర డబ్బా ఉంది. మూత సరిగ్గా పట్టట్లేదు, ఎండిపోకుండా పైన పాలిథిన్ కవరు వేసి రబ్బరు బ్యాండు కట్టాను. చక్రంలో ఇంకా తొమ్మిది ఆకులు మిగిలాయి, రేపు పొద్దున్న పంటు తిరిగితే వెళ్లాలి, వంటావిడ పిల్లలకి అన్నం పెట్టేవేళకి నేను అక్కడే ఉంటాను.