ప్రీయాంప్ పెంచేది సిగ్నల్‌ను ఒక్కదానినే కాదు

కొన్నేళ్ల క్రితం వరకు, అమెచ్యూర్ రేడియోలో రాత్రిపూట 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) వినడానికి కూర్చున్నప్పుడల్లా నా చేయి ముందుగా ప్రీయాంప్ మీట మీదికే, అంటే యాంటెన్నా నుంచి వచ్చేదాన్ని రిసీవర్ మొదట్లోనే పెంచే యాంప్లిఫయర్ మీట మీదికే, వెళ్లేది. మీట నొక్కగానే సిగ్నల్ బలాన్ని చూపే ఎస్-మీటర్ ముల్లు 5 నుంచి 7కు లేచేది, హెడ్‌ఫోన్ల నిండా హోరు పరుచుకునేది, రిసీవర్‌కు కొత్త ప్రాణం వచ్చినట్టు అనిపించేది. ఒకనాటి రాత్రి ఆ హోరు అడుగున సన్నని మోర్స్ సిగ్నల్ ఒకటి దొరికింది. స్టేషన్ గుర్తింపు పేరైన కాల్‌సైన్‌లో మొదటి రెండు అక్షరాలు అందుతున్నాయి, మూడోది జారిపోతోంది. ఎందుకో ప్రీయాంప్ ఆపి, తగ్గిన శబ్దాన్ని వాల్యూమ్‌తో సరిచేసుకుని మళ్లీ విన్నాను. మూడో అక్షరం అప్పుడూ అంతే కష్టపెట్టింది. మీట వేస్తూ, తీస్తూ పదిసార్లు పోల్చి చూసినా సిగ్నల్‌కూ హోరుకూ మధ్య ఉన్న ఎడం రవ్వంత కూడా మారలేదు.

లెక్క వేసి చూస్తే ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక్కొక్క హెర్ట్జ్ వెడల్పుకు −174 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లలో చెప్పే పవర్) ఉష్ణ రొద, అంటే వేడి వల్ల పుట్టే రొద, ఎలాగూ ఉంటుంది. 500 హెర్ట్జ్ మోర్స్ ఫిల్టర్ గుండా వింటున్నప్పుడు అది −147 డీబీఎం అవుతుంది. రిసీవర్ తానుగా కలిపే రొదకు కొలత అయిన నాయిస్ ఫిగర్ 15 డెసిబెల్‌లు అనుకున్నా, దాని సొంత రొద −132 దగ్గర ఆగుతుంది. హెచ్ఎఫ్‌లో (3–30 మెగాహెర్ట్జ్) ఎస్-మీటర్ మీద ఎస్ 9 అంటే −73 డీబీఎం, ఒక్కో ఎస్ యూనిట్‌కు 6 డెసిబెల్‌లు కాబట్టి, నా యాంటెన్నా మోసుకొస్తున్న ఎస్ 5 హోరు −97 డీబీఎం అన్నమాట. మీటర్లు అంత ఖచ్చితంగా చూపవన్నది నిజమే. ఎంత తేడా వదిలిపెట్టినా, బయటి హోరు రిసీవర్ సొంత రొద కంటే 30 డెసిబెల్‌లకు పైగా ఎత్తున ఉంది. రిసీవర్ రొదను ఇంకా తగ్గించే ప్రీయాంప్ అక్కడ చేయగలిగింది శూన్యం. అది వచ్చిన సిగ్నల్‌నూ వచ్చిన హోరునూ 12 డెసిబెల్‌ల చొప్పున సమానంగా పెంచి నా చెవికి అందించింది, అంతే.

ఈ సంగతి ఎవరికి వారు నిమిషంలో తేల్చుకోవచ్చు. యాంటెన్నా తీసి దాని స్థానంలో 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులుగా పనికొచ్చే నిరోధకం) పెట్టి రొద స్థాయిని గుర్తు పెట్టుకోవాలి. తిరిగి యాంటెన్నా తగిలించగానే రొద పది డెసిబెల్‌లైనా లేచిందంటే, రిసీవర్‌కు ఆ బ్యాండ్‌లో వినికిడి శక్తి చాలినంత ఉన్నట్టే. ఈ పరీక్షను బ్యాండుకొకసారి చేయాలి. 28 మెగాహెర్ట్జ్‌లో ప్రశాంతంగా ఉన్న రోజున నా దగ్గర రొద లేచీ లేవనట్టుగా లేస్తుంది కాబట్టి అక్కడ ప్రీయాంప్‌ను నిస్సందేహంగా వాడతాను.

432 మెగాహెర్ట్జ్‌కు వెళితే కథ తిరగబడుతుంది. అక్కడ ఆకాశం చాలావరకు నిశ్శబ్దంగా ఉంటుంది, రొదంతా మన పరికరాలదే. కేబుల్ నష్టం 3 డెసిబెల్‌లు, రిసీవర్ నాయిస్ ఫిగర్ 6 అయితే మొత్తం 9 అవుతుంది. నాయిస్ ఫిగర్ 1, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) 20 డెసిబెల్‌లు ఉన్న ప్రీయాంప్‌ను రిసీవర్ పక్కన పెడితే అది దాదాపు 4.1కి దిగుతుంది, అదే ప్రీయాంప్‌ను స్తంభం మీద, యాంటెన్నా దగ్గరే పెడితే 1.2కి చేరుతుంది. హెరాల్డ్ ఫ్రీస్ 1944లో ప్రచురించిన సూత్రం చెప్పేది ఇదే: వరుసలో మొదట ఉన్నది ఎంత నిశ్శబ్దంగా పనిచేస్తే మొత్తం వ్యవస్థ అంత నిశ్శబ్దంగా ఉంటుంది. ప్రసారం చేసేటప్పుడు ప్రీయాంప్‌ను దారి తప్పించే రిలేలు, వాటిని సరైన వరుసలో నడిపే సీక్వెన్సర్ మాత్రం తప్పనిసరి. లేకపోతే ట్రాన్సిస్టర్ ఒక్క నొక్కుతో పోతుంది.

తక్కువ బ్యాండ్లలో అనవసరపు గెయిన్ నష్టం కూడా చేస్తుంది. బలమైన ప్రసార కేంద్రాల సిగ్నల్స్ 12 డెసిబెల్‌లు పెరిగితే, వాటి కలయికతో రిసీవర్‌లోనే పుట్టే మూడో తరగతి దొంగ సిగ్నల్స్ 36 డెసిబెల్‌లు పెరుగుతాయి. నేను హోరు అనుకున్నదానిలో కొంత భాగం నా రిసీవర్‌లోనే పుట్టిందని సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ వేసిన రోజున తెలిసింది.

మిగిలిన హోరు కోసం వెతుకులాట మొదలుపెట్టాను. రిసీవర్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపితే ముల్లు 5 నుంచి 3కు పడింది; అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క ఎంసీబీని తిరిగి వేసుకుంటూ పోగా, దీపాల సర్క్యూట్ దగ్గర ముల్లు మళ్లీ లేచింది. బ్యాండ్‌లోని సిగ్నల్స్‌ను బొమ్మగా చూపే వాటర్‌ఫాల్ తెర మీద సమాన దూరాల్లో మసక గుట్టలు కనిపించాయి. అవి నిలకడగా ఒకచోట ఉండక మెల్లగా పక్కకు జరుగుతున్నాయి. స్విచింగ్ పవర్ సప్లై ముద్ర అది. చివరికి బల్ల మీది ఎల్ఈడీ దీపపు అడాప్టర్ పట్టుబడింది. దానిని మార్చాను. ఇంటి వైరింగ్ రొద కోయాక్సియల్ కేబుల్ పైతొడుగు మీదుగా యాంటెన్నాకు ఎక్కకుండా, 31 రకం ఫెరైట్ వలయం మీద ఆ కేబుల్‌ను పలు చుట్లు చుట్టి, అది యాంటెన్నాకు కలిసే ఫీడ్ పాయింట్ దగ్గర కట్టాను.

5 నుంచి 3కు అంటే 12 డెసిబెల్‌లు. ప్రీయాంప్ మీట చూపించిన మార్పు కూడా సరిగ్గా అంతే. ఈసారి మాత్రం హోరు ఒక్కటే తగ్గింది, సిగ్నల్ ఎక్కడిదక్కడే ఉంది. అవతలి స్టేషన్ తన పవర్‌ను పదహారు రెట్లు పెంచితే నాకు ఎంత మేలు జరిగేదో అంత మేలు జరిగింది.

ఇప్పుడు 40 మీటర్లలో వినడానికి మాత్రమే ఒక చిన్న లూప్ యాంటెన్నా పెట్టుకున్నాను. అది తెచ్చే సిగ్నల్ చాలా బలహీనం కనుక దాని పాదం దగ్గర ప్రీయాంప్ ఉంది, అక్కడ అది న్యాయంగానే ఉంది. లూప్‌ను మెల్లగా తిప్పుతుంటే, దాని అక్షం ఒక దిక్కుకు తిరిగినప్పుడు మిగిలిన గరగర మునిగిపోతుంది. ఆ దిక్కులోనో దానికి సరిగ్గా ఎదురుగానో ఉన్నది ఏ పరికరమో ఇంకా తేలలేదు. లూప్‌ను ఇంకొక చోటికి మోసుకెళ్లి, అక్కడి దిక్కుతో మ్యాప్ మీద రెండో గీత గీయాలి; రెండు గీతలు కలిసేచోటే ఆ దొంగ.