ఆర్‌ఎక్స్ 100 వెనక షాకులు: రోలు మీంచి సీటు మీదకి ఐదు వారాలు

నాన్న వాడిన ఆర్‌ఎక్స్ 100, 1993 మోడల్. ఎస్కార్ట్స్‌తో కలిసి యమహా 1985 నుంచి 1996 దాకా మన దగ్గర తయారుచేసిన బండి. 98 సీసీ, టూ స్ట్రోక్, బరువు 103 కిలోలే. రెండేళ్ల కిందట వెనక షాకులు ఆయిల్ కారుతున్నాయని తీయించి, పైన చిన్న డబ్బాలున్న 'హెవీ డ్యూటీ' గ్యాస్ షాకులు వేయించాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ అప్పట్నుంచీ బండెక్కితే సీటు మీద కాదు, రోలు మీద కూర్చున్నట్టే. ప్రకాశం బ్యారేజీ మీద జాయింటు దాటినప్పుడల్లా దెబ్బ నడుంలో పుట్టి మెడకి పాకేది. అమ్మ రెండుసార్లు వెనక కూర్చుని, మూడోసారి ఆటో పిలిపించుకుంది.

మా మెకానిక్ వీటిని ఇప్పటికీ 'షాక్ అబ్జర్వర్లు' అంటాడు. రెండేళ్లుగా అవి చేస్తున్న పని నిజంగా అదే, గుంతల్ని గమనించడం. ఈసారి ఎవరి చేతికీ ఇవ్వకుండా ఇంట్లోనే మొదలుపెట్టాను.

మొదటి ఆదివారం

ముందు గాలి చూశా. వెనక టైరులో 40 ఉంది! పంక్చర్ షాపులో నింపింది నింపినట్టే వదిలేశా. 28కి దించాను. జాయింట్ల మీద టకటక కొంచెం తగ్గింది గానీ గుంతలో దెబ్బ తగ్గలేదు.

షాకుల కింద ఉండే మెట్ల రింగు అప్పటికే మొదటి మెట్టులో ఉంది. నాకు చాలాకాలం తెలియని సంగతి ఇక్కడే ఉంది. ఆ రింగు తిప్పితే స్ప్రింగు మెత్తబడదు, గట్టిపడదు. స్ప్రింగుని ముందే కాస్త నొక్కిపెట్టి బండి ఎంత ఎత్తులో నిలబడాలో మాత్రం మారుస్తుంది. పది మిల్లీమీటర్లు నొక్కడానికి ఎంత బరువు కావాలన్నది తీగని బట్టి, చుట్లని బట్టి ఉంటుంది. దాన్ని ఆ రింగు తిప్పే సి-స్పానర్‌తో మార్చలేం.

తర్వాత కొలతలు. వెనక ఇరుసు నట్టుకి సరిగ్గా పైన, సైడ్ ప్యానెల్ మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి గీత గీశా. సెంటర్ స్టాండ్ వేసి చక్రం గాల్లో ఉన్నప్పుడు నట్టు నుంచి గీతకి 472 మి.మీ. స్టాండ్ తీసి తమ్ముడు నిటారుగా పట్టుకుంటే 471. అంటే తన బరువుకి బండి ఒక్క మిల్లీమీటరే దిగింది. నేను ఎక్కి కూర్చుంటే (నా బరువు 62) రెండు కొలతలొచ్చాయి. సీటు కిందికి నొక్కి మెల్లగా వదిలితే 460, పైకి లాగి మెల్లగా వదిలితే 467. సగటు చూసుకుంటే దిగింది తొమ్మిది మిల్లీమీటర్ల లోపే. ఇలాంటి బండికి మనిషి ఎక్కితే పాతిక నుంచి ముప్ఫై దాకా దిగాలి.

ఆ రెండు కొలతల మధ్య ఏడు మిల్లీమీటర్ల తేడా నన్ను ఎక్కువ తొలిచింది. స్ప్రింగు ఎంత గట్టిదైనా ఎటునుంచి వదిలినా ఒకేచోట ఆగాలి. వేర్వేరు చోట్ల ఆగిందంటే ఎక్కడో పట్టేస్తోందన్నమాట.

రెండో వారం

షాకులు రెండూ విప్పి, చైన్ వదులు చేసి, చక్రం తీసి, స్వింగ్ ఆర్మ్‌ని (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చట్రం) చేత్తో పైకెత్తి వదిలా. దాని బరువుకి అది కింద పడాలి. ఎక్కడ వదిలితే అక్కడే ఆగింది, బస్సులో బిగుసుకున్న కిటికీలా.

ఆర్మ్ ఊగేది పివట్ బోల్టు మీద, అది రాలేదు. రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి, పొద్దున్నే ఇత్తడి కడ్డీ అడ్డం పెట్టి సుత్తితో కొడితే నాలుగో దెబ్బకి కదిలింది. ఇనప సుత్తితో నేరుగా కొట్టకండి, మర చివర విచ్చుకుంటే మళ్లీ నట్టు ఎక్కదు. బయటికొచ్చాక చూస్తే మధ్యలో జానెడు మేర ఇటుక రంగు తుప్పు, గ్రీజు అన్న పదార్థం అక్కడ ఎప్పుడూ ఉన్న ఆనవాలే లేదు. బోల్టు చుట్టూ ఉండే గొట్టాలు, అంటే బుష్‌లు, ఒకవైపే అరిగాయి. కొత్త బుష్‌లు తెచ్చి, బోల్టుని 400 నంబరు ఎమెరీ కాగితంతో రుద్ది, లిథియం గ్రీజు దండిగా పట్టించి బిగించాను. ఇప్పుడు ఆర్మ్ ఎత్తి వదిలితే మెత్తగా కిందికి వాలుతోంది.

ఇంకొకటి దొరికింది. కుడి షాకు పై కన్ను (ఫ్రేముకి తగిలించే రింగు) దగ్గర ఉండాల్సిన వాషరు లేదు. నట్టు బిగిస్తే కన్ను నేరుగా ఫ్రేముకి రాసుకుంటోంది, అక్కడ రంగు లేచిపోయి మెరుస్తోంది. రబ్బరు బుష్ తిరగాల్సిన చోట ఇనుము ఇనుముని పట్టుకుంది. వాషరు వేశాక అదే గ్యాస్ షాకులతో మళ్లీ కొలిస్తే తేడా ఏడు నుంచి రెండుకి పడిపోయింది. సగటు మాత్రం దాదాపు అక్కడే. పట్టేయడం పోయింది, గట్టిదనం అలాగే మిగిలింది.

మూడో వారం

అటక మీద గోనెసంచిలో పాత షాకులు ఉన్నాయి. నాన్న ఏదీ పారేయడు, ఈ గుణానికి మొదటిసారి దండం పెట్టాను.

స్ప్రింగులు విప్పడానికి మొదట తాడుతో ప్రయత్నించా. తాడు జారింది. పై టోపీ ఎగిరి గోడకి తగిలి సున్నం రాల్చింది. నా మొహం అటువైపు లేదు, అంతే అదృష్టం. తర్వాత బుద్ధిగా రెండు మందపాటి ఇనప పలకలకి కన్నాలు వేయించి, రెండు పొడవాటి మరల కడ్డీలతో బిగించే పనిముట్టు చేసుకున్నా. రెండు వైపులా ఒక్కో చుట్టు చొప్పున సమానంగా బిగిస్తే స్ప్రింగు ముడుచుకుంటుంది, లోపలి లాకులు వాటంతటవే వదులవుతాయి.

వెర్నియర్‌తో కొలిచా. పాత స్ప్రింగు తీగ మందం 6.5 మి.మీ., బయటి వ్యాసం 52, పనిచేసే చుట్లు 14. కొత్తదాని తీగ 7.5, వ్యాసం 54, చుట్లు 12. ఒక్క మిల్లీమీటరే కదా అనుకుంటాం. కానీ స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే మందం అంకెని నాలుగుసార్లు వేసి ఒకదానితో ఒకటి హెచ్చవేయాలి. ఆ ఒక్క మిల్లీమీటరుకే 77 శాతం పెరిగింది. చుట్లు తగ్గడంతో ఇంకొంచెం. వ్యాసం పెరగడం వల్ల కాస్త తగ్గినా, మొత్తం లెక్కలో దాదాపు రెట్టింపు.

నమ్మకం కలగక బాత్రూమ్ తూకం మీద స్ప్రింగు నిలబెట్టి, డ్రిల్ స్టాండుతో సరిగ్గా పది మిల్లీమీటర్లు నొక్కా. పాతది 14 కిలోలు, కొత్తది 27. ఇద్దరు మనుషులు, ఓ బియ్యం బస్తా ఎక్కే బండికి చేసిన స్ప్రింగు అది. నా 62 కిలోలు దానికి లెక్కే కాదు. అమ్మిన షాపువాడు నా బరువు అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండు స్ప్రింగుల లోపలి వ్యాసం 39 మి.మీ.యే. అందుకని పాత స్ప్రింగులు కొత్త గ్యాస్ షాకుల మీదకి ఎక్కించా. పని అయిపోయిందనుకున్నా.

నాలుగో వారం

అవలేదు. ఉండవల్లి దాటి కరకట్ట రోడ్డు మీదకి వెళ్లా. మొదటి గుంత మెత్తగా దాటింది. కానీ వరసగా నాలుగైదు గుంతలొస్తే చివరిది మళ్లీ నడుంకి కొట్టింది. ఆపి సీటు నొక్కి వదిలితే పైకి రావడానికి బద్ధకిస్తోంది. ఆ షాకు లోపలి నూనె అడ్డుకట్ట గట్టి స్ప్రింగు తోపుకి తగ్గట్టు చేసింది. మెత్తటి స్ప్రింగుకి దాన్ని దాటుకొచ్చే బలం లేదు. ఒక గుంతకి ముడుచుకుని, పైకి వచ్చేలోపే రెండోది పడుతుంది. అలా దిగుతూ దిగుతూ చివరికి ముడుచుకోవడానికి చోటే ఉండదు. పైకి గట్టి స్ప్రింగు లాగే ఉంటుంది, కారణం మాత్రం సరిగ్గా తలకిందులు.

గ్యాస్ షాకు లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి దాన్ని తెరిచే సాహసం చేయలేదు, ఎవరూ చేయకూడదు. పాత షాకులే పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లా. షాకులు మాత్రమే రిపేరు చేసే ఒకతను రాడ్లని వెలుతురులో తిప్పి చూశాడు. ఒకదాని మీద, సీలు ఎప్పుడూ చేరని పై భాగంలో, ఆవగింజంత తుప్పు గుంట. 'పర్లేదు' అని 2000 నంబరు కాగితంతో నున్నగా చేశాడు. కొత్త సీళ్లు, 10 గ్రేడు ఫోర్క్ ఆయిలు. మూత బిగించాక నిటారుగా పట్టుకుని ఏడెనిమిదిసార్లు మెల్లగా ఆడించమన్నాడు. మొదటి రెండు ఊపుల్లో మధ్యలో ఖాళీ తెలిసింది, అది లోపలి గాలి. ఐదో ఊపుకి పైనుంచి కిందిదాకా ఒకే పట్టు. జతకి 900 తీసుకున్నాడు.

ఐదో వారం

పాత షాకులు, పాత స్ప్రింగులు, కొత్త బుష్‌లు. మొదటి మెట్టులో కొలతలివి: చక్రం గాల్లో 472, బండి ఒక్కటే 463, నేను కూర్చుంటే 446. ఇరవై ఆరు మిల్లీమీటర్లు దిగింది. నొక్కి వదిలితే ఒక్కసారి పైకొచ్చి ఆగుతోంది, ఊగట్లేదు.

అమ్మ వెనక కూర్చుంటే మొదటి మెట్టులో స్పీడ్ బ్రేకరు దగ్గర షాకు పూర్తిగా ముడుచుకుని అడుగుకి తగిలింది. మూడో మెట్టుకి పెడితే తగల్లేదు. సి-స్పానర్ ఇప్పుడు సీటు కిందే ఉంటోంది. బ్యారేజీ అటు చివరిదాకా వెళ్లొచ్చాం. ఆవిడ ఏమీ అనలేదు, దిగి సంచి తీసుకుని లోపలికెళ్లింది. మర్నాడు మార్కెట్‌కి బండి తియ్యమంది.

ఎడమ వైపు కిర్రుమన్న చప్పుడు ఇంకా ఉంది. కింది కన్ను రబ్బరు ఎండిపోయి ఉంటుంది, మార్చాలి.

ఇక ఆ గ్యాస్ షాకులు. వీధి చివర ఒకాయన ఇలాంటి ఆర్‌ఎక్స్ మీదే రెండు నలభై లీటర్ల పాల క్యాన్లు కట్టుకుని రోజూ పొద్దున్నే వెళ్తాడు. ఆయన బండి వెనక భాగం మడ్‌గార్డ్ టైరుకి రాసుకునేంత కిందికి దిగి ఉంటుంది. 27 కిలోల స్ప్రింగులు కావాల్సింది ఆయనకి. వాటిని మళ్లీ జతచేసి ఉంచా. ఆదివారం క్యాన్లతో సహా బండి తెమ్మన్నా, టేపు తెచ్చిపెట్టుకున్నా.