బుధవారం, ట్రాన్స్‌వెల్ పని

ఇవాళ బల్ల మీద ట్రాన్స్‌వెల్, అంటే అడుగున రంధ్రాల పొర ఉన్న చిన్న గిన్నె (ఇన్సర్ట్)ని ప్లేటులోని గుంట (వెల్)లోకి దించే ఏర్పాటు. తాజా రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ (సూక్ష్మజీవుల మీదికి ముందుగా వెళ్లే తెల్లకణాలు) వేరుచేసి, 3 మైక్రాన్ల రంధ్రాలున్న పొర మీద వేసి, ఎన్ని కిందికి దిగాయో లెక్కపెట్టాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఈ కణాల ఆయుష్షు గంటల్లెక్క, మధ్యలో ఆపి రేపు చూద్దాం అంటే కుదరదు.

వేరుచేసే దగ్గరే సగం ప్రయోగాలు పాడవుతాయి. ఎర్రకణాలు మిగిలితే అవి పగిలేలా 0.2 శాతం ఉప్పునీళ్లు పోసి 30 సెకన్లు, వెంటనే అంతే కొలతలో 1.6 శాతం ఉప్పునీళ్లు. కలిస్తే 0.9కి వస్తుంది. ఆలస్యం చేస్తే న్యూట్రోఫిల్సూ పగులుతాయి, డీఎన్‌ఏ బయటపడి అంతా జిగట ముద్ద. వోర్టెక్స్ (ట్యూబుని గిరగిరా కుదిపే యంత్రం) జోలికి పోకూడదు, ట్యూబుని వేలితో తట్టాలంతే. కడిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లేని ద్రావణం వాడాలి, లేకపోతే ఒకదానికొకటి అంటుకుంటాయి. పొర మీద వేసే ముందు మాత్రం రెండూ ఉండాల్సిందే. కణం అతుక్కోవడానికి పనికొచ్చే, దాని ఒంటి మీదుండే ఇంటిగ్రిన్లు అనే ప్రొటీన్లు అవి లేకుండా పనిచేయవు.

కింద 600 మైక్రోలీటర్లలో 10 నానోమోలార్ ఎఫ్‌ఎమ్‌ఎల్‌పీ. బాక్టీరియా ప్రొటీన్ల మొదట్లో ఉండే ముక్కలాంటి చిన్న పెప్టైడ్ ఇది, న్యూట్రోఫిల్స్ దిగేది దీన్ని పసిగట్టే. పైన 100 మైక్రోలీటర్లలో 5 లక్షల కణాలు. ఇన్సర్ట్‌ని కాస్త వాల్చి దించాలి, పొర కింద బుడగ చిక్కితే అక్కడ దారి మూసుకుపోయినట్టే. 37 డిగ్రీల దగ్గర గంట చాలు. మరీ ఎక్కువసేపు ఉంచితే ఎఫ్‌ఎమ్‌ఎల్‌పీ పైకి పాకి పైకీ కిందికీ ఉన్న గాఢత తేడా చెరిగిపోతుంది. చివర్లో పొర అడుగున అతుక్కున్నవాటిని చల్లటి ఈడీటీఏతో (కాల్షియం, మెగ్నీషియంలని పట్టేసే రసాయనం) వదిలించకపోతే దాటినవి కూడా లెక్కలోకి రావు.

డోసు పెంచితే ఇంకా దిగుతాయనుకుంటారు. 1 మైక్రోమోలార్ పోసి చూడండి, తగ్గుతాయి. దాన్ని పసిగట్టే గ్రాహకాలన్నీ నిండిపోయాక ఏ వైపు ఎక్కువో కణానికి తెలియదు. పైగా అంత గాఢతలో అది నడక మాని, లోపల దాచుకున్న ఎంజైముల కణికలు వదలడానికి దిగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన వెల్, పైనా కిందా సమానంగా ఎఫ్‌ఎమ్‌ఎల్‌పీ పోసినది. దిగినంత మాత్రాన దారి తెలిసి దిగినట్టు కాదు. ఉత్తేజం వచ్చి అడ్డదిడ్డంగా తిరుగుతూ కూడా రంధ్రంలోకి జారతాయి. ఈ రెండింటినీ విడదీసే పద్ధతిని 1973లోనే జిగ్మండ్, హిర్ష్ చూపించారు. అయినా ఆ వెల్ లేని గ్రాఫులు ఇప్పటికీ కనబడతాయి, చూస్తే ఒళ్లు మండుతుంది.

ఈ ప్లాస్టిక్‌లో లేనిది ప్రవాహం. ఒంట్లో వాపు మొదలైన చోట చిన్న సిరల గోడ మీదికి పి-సెలెక్టిన్ అనే అతుకు ప్రొటీన్ నిమిషాల్లో వస్తుంది, ఈ-సెలెక్టిన్‌కి గంటలు పడుతుంది. న్యూట్రోఫిల్ వాటిని పట్టుకుంటూ వదులుతూ దొర్లుతుంది. గోడ మీద ఐఎల్-8 అనే పిలుపు సంకేతం తగిలాక ఇంటిగ్రిన్లు బిగిసి ఆగుతుంది, ఆపైన సందు చూసుకుని బయటికి దూరుతుంది. సీడీ18 (ఆ ఇంటిగ్రిన్లలో ఒక భాగం) లోపంతో పుట్టిన పిల్లల్లో ఆ ఆగడమే కుదరదు. రక్తంలో న్యూట్రోఫిల్స్ కుప్పలు, పుండులో చీము ఉండదు, బొడ్డుతాడు ఊడటం వారాల తరబడి ఆలస్యమవుతుంది.

దొర్లడంలో లోపాన్ని ట్రాన్స్‌వెల్ పట్టుకోలేదు. అందుకే రేపు ఫ్లో చాంబర్, కణాల్ని ప్రవాహంలో పంపి చూసే సన్నటి గది. పి-సెలెక్టిన్, ఐకామ్-1 (ఇంటిగ్రిన్లు పట్టుకునే ప్రొటీన్) పూత, గోడ మీద ప్రవాహపు రాపిడి చదరపు సెంటీమీటరుకి 1 డైన్. గొట్టంలో గాలి పూర్తిగా తీసేయాలి, ఒక్క బుడగ దాటినా దొర్లుతున్నవన్నీ ఊడ్చుకుపోతాయి.