రెండు రిపోర్టులు

నేను జనరల్ పాథాలజిస్టుని, అన్ని రకాల బయాప్సీ ముక్కలూ చూస్తాను. పొద్దున్న ల్యాబ్‌కి వెళ్లేసరికి హైదరాబాద్ నుంచి రివ్యూ రిపోర్టు మెయిల్‌లో వచ్చి ఉంది. మెడ దగ్గర గడ్డతో వచ్చిన పెద్దాయన కేసు. నేను రాసింది: బీ సెల్ లింఫోమా (తెల్లకణాల్లో ఒక రకమైన బీ కణాల క్యాన్సర్), కణాలు పెద్దవి, రకం తేలాలంటే మరికొన్ని మార్కర్లు (కణంలోని ప్రొటీన్లని పట్టిచ్చే స్టెయిన్లు) చేయాలి. అక్కడి హెమటోపాథాలజిస్టు, అంటే రక్త, లింఫ్ క్యాన్సర్ల పాథాలజీ నిపుణురాలు, తేల్చింది: మాంటిల్ సెల్ లింఫోమా, ప్లియోమార్ఫిక్ రకం.

మధ్యాహ్నానికి వాళ్లమ్మాయి రెండు కాగితాలూ పట్టుకొచ్చింది. "మేడమ్, మీరొకటి రాశారు, వాళ్లొకటి రాశారు. ఏది నమ్మమంటారు?" మొహం నిండా టెన్షన్. కూర్చోబెట్టి, "మా ఇద్దరికీ పేచీ ఏం లేదమ్మా. నేను ఊరి పేరు చెప్పాను, ఆవిడ ఇంటి నంబరు చెప్పారు" అన్నాను.

కాకపోతే మందులు మారేది ఆ ఇంటి నంబరుతోనే. ఈ రకం మామూలు స్టెయిన్‌లో అచ్చం డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ అనే ఇంకో లింఫోమాలాగే కనిపిస్తుంది. సైక్లిన్ డీ1 అనే మార్కర్ వేస్తే కణాల కేంద్రకాలు గోధుమరంగుకి తిరిగి అసలు సంగతి బయటపడుతుంది. మా దగ్గర సీడీ20, సీడీ3, కేఐ-67 లాంటి మార్కర్లు నాలుగైదే ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో 2010 నుంచి లింఫోపాత్ అనే నెట్‌వర్క్ ద్వారా లింఫోమా కేసుల్ని నిపుణులు మళ్లీ చూస్తున్నారు. 2013 దాకా చూసిన 42 వేల పైచిలుకు శాంపిల్స్‌లో దాదాపు 20 శాతం మందికి డయాగ్నసిస్ మారింది. వైద్యం కూడా మారే అవకాశం ఉన్నవాళ్లు 17 శాతం పైనే. క్యాన్సరా కాదా అన్న దగ్గర తిరగబడ్డవి చాలా తక్కువ, పేచీ అంతా ఏ రకం అన్నదాని మీదే. అంత వసతులున్న దేశంలోనే ఇలా ఉంటే, జనరల్ పాథాలజిస్టుకి చూపు ఆనదని తేల్చేయడం నాకు మింగుడుపడదు. సగం తేడా స్టెయిన్లలో, ముక్కలో ఉంటుంది.

ఇవాళే చూశాను. ఇంకో ఆసుపత్రి నుంచి లింఫ్ నోడ్ (లింఫ్ గ్రంథి) కోయకుండా అలాగే ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో, వేసి పంపారు. కోస్తే అంచు గట్టిగా, నడుమ గులాబీరంగులో మెత్తగా ఉంది, ఫార్మలిన్ లోపలికి పోనే లేదు. ఇలాంటి ముక్కలో ఎంత పెద్ద నిపుణుడైనా ఏం చదువుతాడు? సర్జన్ గారికి ఫోన్ చేసి, "సార్, తీయగానే రెండుగా కోసి వేయించండి" అన్నాను. "అలాగే మేడమ్, సిస్టర్‌కి చెప్తా" అన్నారు. చెప్తారో లేదో.

సాయంత్రం సైక్లిన్ డీ1 కొనమని మేనేజ్‌మెంట్‌ని మళ్లీ అడిగాను. "నెలకి ఎన్ని కేసులొస్తాయి మేడమ్? వయల్ ఎక్స్‌పైరీ అయిపోదూ?" అన్నాడాయన. ఆ లెక్క తప్పని అనలేను. రేపు ఇంకో బ్లాక్ (మైనంలో బిగించిన ముక్క) రివ్యూకి కొరియర్‌లో వెళ్లాలి.