పేరు వెయ్యవద్దన్న వార్త

ఈరోజు నవంబరు 2. పత్రికలవారిపై జరిగే నేరాలకు శిక్షలు పడకుండా పోయే స్థితిని అంతం చేయాలని ఐక్యరాజ్య సమితి కేటాయించిన దినం. మే 3న వచ్చే ప్రపంచ పత్రికా స్వేచ్ఛా దినానికి ఒక సంపాదకీయమైనా దక్కుతుంది గానీ, ఈ తేదీ సంగతి పత్రికాఫీసుల్లోనే చాలామందికి తెలియదు. 2013లో ఇదే రోజున ఉత్తర మాలీలోని కిదాల్ పట్టణంలో గిస్లేన్ డ్యుపాన్, క్లాడ్ వెర్లాన్ అనే ఇద్దరు ఫ్రెంచి రేడియో పాత్రికేయులు ఒక స్థానిక నాయకుడితో ఇంటర్వ్యూ ముగించుకుని బయటికి రాగానే, సాయుధులు వారిని ఎత్తుకుపోయి ఊరి వెలుపల కాల్చి చంపారు. ఆ డిసెంబరులోనే సర్వప్రతినిధి సభ ఈ తేదీని ఖాయం చేసింది. హత్యకు గురైన పాత్రికేయుల కేసుల్లో దాదాపు 85 శాతం తేలకుండానే ఉన్నాయని యునెస్కో 2024 నివేదిక చెబుతోంది.

నాది డెస్కు ఉద్యోగం. ఎవరో తిరిగి, ఎవరినో అడిగి, ఏదో ఒక కాగితం సంపాదించి పంపినదాన్ని నేను కుర్చీలో కూర్చుని దిద్దుతాను, శీర్షిక పెడతాను, చోటు చాలకపోతే చివరి పేరా కోసేస్తాను. పగలంతా అదే పని మామూలుగా సాగింది. సాయంత్రం పేజీలు పెట్టే వేళకు ఒక విలేకరి ఫోన్ చేశాడు. పొద్దున అతను పంపిన వార్త అప్పటికే పేజీలోకి ఎక్కింది.

"సార్, ఐటం వాడండి. నా పేరు మాత్రం వద్దు."

"ఎవరైనా బెదిరించారా?"

"ఇంకా లేదు సార్. ఎవరు రాస్తున్నారని అడుగుతున్నారంట."

పేరు తీసేసి 'మా ప్రతినిధి' అని పెట్టాను. అర నిమిషం పని. కానీ ఆ వార్తలో ఉన్న వివరాలను బట్టి, అతను ఎవరెవరిని కలిశాడో తెలిసినవారెవరికైనా అది ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. విలేకరి తాను రాసే మనుషుల మధ్యే బతుకుతాడు కాబట్టి పేరు తీసినంత మాత్రాన మనిషి దాగడు. ఈ మాట అతనికి నాకన్నా బాగా తెలుసు, అయినా అడిగాడు.

పేజీ పంపించాక ఆలోచన అటే పోయింది. రాసినవాడి పేరు కొన్నిచోట్ల కవచంగా పనిచేస్తుంది, కొన్నిచోట్ల గురి చూసుకోవడానికి పనికొస్తుంది. అమెరికన్ పాత్రికేయుడు ఎవాన్ గెర్ష్‌కోవిచ్‌ను రష్యా 2023 మార్చిలో అరెస్టు చేస్తే, ఆయన పత్రిక, ప్రభుత్వం, తోటివారు ఆ పేరును ఒక్కరోజు కూడా మరుగున పడనివ్వలేదు. 2024 ఆగస్టు 1న ఖైదీల మార్పిడిలో బయటపడ్డాడు. మరోవైపు ఆఫ్రికా దేశమైన ఎరిత్రియాలో దావిత్ ఇసాక్ అనే పాత్రికేయుణ్ణి 2001 సెప్టెంబరులో పట్టుకెళ్ళారు, విచారణ అన్నదే జరపలేదు. ఆయనకు స్వీడన్ పౌరసత్వం ఉంది, 2017లో యునెస్కో పత్రికా స్వేచ్ఛా పురస్కారం కూడా ఇచ్చింది. ఆ పురస్కారమేమో, 1986లో కొలంబియా రాజధాని బొగొటాలో తన పత్రిక కార్యాలయం ముందే హత్యకు గురైన సంపాదకుడు గిల్యెర్మో కానో పేరు మీదిది. చంపబడిన ఒకరి పేరుతో ఇచ్చే బహుమతిని కనబడకుండా పోయిన మరొకరికి ప్రకటించవలసి రావడం కన్నా ఈ వృత్తి దుస్థితికి వేరే నిదర్శనం అక్కరలేదనిపిస్తుంది. ఖైదు చేసినవారికి లోకం ఏమనుకుంటుందన్న బెంగ ఉన్నంతవరకే పేరుకు బలం. ఆ బెంగ లేనివారి ముందు అది ఎంత మోగినా లాభం లేదు.

యుద్ధభూమిలో పేరుకు బదులు చొక్కా ఉంటుంది. 'ప్రెస్' అని పెద్ద అక్షరాలతో రాసిన కవచం తొడుక్కునే పాలస్తీనా పాత్రికేయురాలు షిరీన్ అబు అక్లే 2022 మే 11న వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్‌లో తూటాకు బలైంది. పాత్రికేయులను పౌరులుగానే చూడాలని 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన ప్రోటోకాల్ స్పష్టంగానే చెబుతుంది. అయినా 2024లో ప్రపంచమంతటా కనీసం 124 మంది పాత్రికేయులు, మీడియా కార్మికులు చనిపోయారనీ, వారిలో దాదాపు 70 శాతం మంది ఇజ్రాయెల్ చేతిలో చనిపోయినవారేననీ పాత్రికేయుల రక్షణ కమిటీ లెక్క తేల్చింది. ఆ కమిటీ మూడు దశాబ్దాలకు పైగా ఉంచుతున్న లెక్కల్లో అంతకన్నా ఘోరమైన ఏడాది అప్పటిదాకా లేదు.

అయితే నా మనసు యుద్ధాల కన్నా ఎక్కువగా మెక్సికో దగ్గరే ఆగింది, ఎందుకంటే అక్కడ చచ్చేది ఎక్కువగా మా విలేకరిలాంటివారే. చివావాలో మిరొస్లావా బ్రీచ్ అనే విలేకరి నేరముఠాలకూ రాజకీయ నాయకులకూ ఉన్న సంబంధాల గురించి తన పేరుతోనే రాసేది. 2017 మార్చి 23 ఉదయం కొడుకును బడికి తీసుకెళ్ళడానికి ఇంటి ముందు కారులో ఉండగా కాల్చేశారు. ఆమె రాసిన పత్రికల్లో ఒకటైన 'నోర్తె' ఏప్రిల్ మొదట్లో 'సెలవు' అని మొదటి పేజీ నిండా అచ్చువేసి, ముద్రణనే ఆపేసింది. భద్రత లేనిచోట పత్రిక నడపలేమన్నది ఆ యజమాని మాట. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టే అర్హత కుర్చీలో కూర్చునే నాబోటివాడికి లేదు గానీ, ఒక్క హత్యతో ఒక పత్రికే మూతపడితే చంపించినవారికి అంతకన్నా కావలసిందేముంటుంది? తర్వాత కొందరు పాత్రికేయులు ఆమె మరణించిన తేదీనే పేరుగా పెట్టుకుని, 'మార్చి 23 సమూహం' అనే ఉమ్మడి పేరుతో ఆ హత్యపై పరిశోధించి ప్రచురించారు. ఎవరి పేరూ విడిగా లేదు, బాధ్యత మాత్రం అందరిదీ. మా విలేకరికి నేను పెట్టిన 'మా ప్రతినిధి'కీ దీనికీ ఉన్న తేడా అక్కడే ఉంది.

తూటా దాకా పోకుండా కాగితాలతోనే పని కానిచ్చేవారూ ఉన్నారు. మాల్టాలో డాఫ్నె కరువానా గలిజియా అనే పాత్రికేయురాలు 2017 అక్టోబరు 16న కారు బాంబుకు బలయ్యేనాటికి ఆమెపై నలభైకి పైగా పరువునష్టం దావాలు నడుస్తున్నాయి. ఆమె పోయాక వాటిలో చాలావాటికి వారసులుగా కుటుంబసభ్యులు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. తల్లిని పోగొట్టుకున్న పిల్లలు తల్లి రాతలకు కోర్టు మెట్లెక్కారు. ఇలా నోరు నొక్కడానికే వేసే దావాలను తొలిదశలోనే కొట్టివేసేందుకు వీలు కల్పిస్తూ 2024లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశం తెచ్చింది. దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తున్నారు.

డెస్కు మనిషిగా నాకు నిజంగా చెమటలు పట్టించేది ఫిలిప్పీన్స్ కేసు. మరియా రెస్సా నడిపే 'రాప్లర్' అనే వార్తా వెబ్‌సైట్‌లో ఒక కథనం 2012 మేలో వచ్చింది. దాన్ని నేరంగా చూడడానికి ఆధారమైన సైబర్ చట్టం వచ్చింది ఆ తర్వాత, సెప్టెంబరులో. చట్టం కన్నా ముందటి రాత కదా అని ఊరుకోవలసింది. కానీ 2014లో ఎవరో ఆ కథనంలో ఒక మాటలో తప్పుగా పడిన ఒక అక్షరాన్ని సరిచేశారు. అలా సరిచేయడమే మళ్ళీ ప్రచురించడం అవుతుందని వాదించి, 2020 జూన్‌లో కోర్టు చేత రాసినవాడినీ రెస్సానూ ఇద్దరినీ దోషులనిపించారు. మరుసటి ఏడాది ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. రోజూ పాత వార్తల్లో కొమ్ములూ దీర్ఘాలూ సవరిస్తూ కూర్చునే నేను, అలా అక్షరం దిద్దిన ఆ అనామక ఉద్యోగి గురించే ఎక్కువగా ఆలోచిస్తాను. పాపం, తన పని తాను చేశాడు.

ఆ కథనం రాసింది రెస్సా కాదు. అయినా సంస్థ అధిపతిగా ఆమె కూడా బోనెక్కింది. అక్కడ చట్టం చేసింది అన్యాయమే, సందేహం లేదు, కానీ అచ్చయిన ప్రతి వార్తకూ వెనుక ఒక సంస్థ నిలబడాలన్న సంగతిని ఆమె తప్పించుకోలేదు. ముక్కకింతని డబ్బు తీసుకుని, గుర్తింపు కార్డు కూడా లేకుండా పనిచేసే విలేకరులే ఏ దేశంలోనైనా ముందు దొరికిపోతారు. వారి పేరు తీసేసిన మరుక్షణం సంస్థ పేరు అక్కడికి రావాలి.

కాబట్టి రేపు ఎడిటర్ గారిని అడగవలసినవి రాసి పెట్టుకుంటున్నాను. 'మా ప్రతినిధి' అని మనం వేసిన వార్తకు నోటీసు వస్తే వకీలు ఖర్చు ఎవరిది? అతనింటికి ఎవరైనా వెళ్ళి కూర్చుంటే మన ఆఫీసు నుంచి పోలీసులకు ఫోన్ చేసేది ఎవరు, ఏ నంబరు నుంచి? ఈ వార్తకు తరువాయి రాయాలంటే అతనొక్కడినే పంపుతామా, లేక ఇంకో ఇద్దరిని జతచేసి ముగ్గురి పేర్లూ వేస్తామా?