యారాడ నుంచి ఎర్రమట్టి దిబ్బల దాకా: కెరటం చెక్కిన తీరం

విశాఖ తీరంలో రాళ్లు చూడాలని బయల్దేరే ముందు మేము తిరగేసింది పంచాంగం. ఇక్కడ పోటుకీ ఆటుకీ మధ్య తేడా ఎక్కువగా ఉండే రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే. అమావాస్య, పౌర్ణమి దాటిన రెండు మూడు రోజుల్లో వెళ్తేనే బండల అడుగు బయటపడుతుంది, మిగతా రోజుల్లో చూడాల్సిందంతా నీళ్లలోనే ఉండిపోతుంది. ఆటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. రాతి తోరణం ఉన్న మంగమారిపేటకు ఆటుకు గంటన్నర ముందే చేరేలా చూసుకుని, మిగతా చోట్లను దాని చుట్టూ అమర్చుకున్నాం.

పొద్దున్నే యారాడ. ఇసుకలో నిలబడి ఉత్తరానికి చూస్తే యారాడ కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకుపోయి కనిపిస్తుంది. అదే డాల్ఫిన్స్ నోస్, ఎత్తు 174 మీటర్లు. తూర్పు కనుమల రాయి ఇక్కడ నేరుగా నీటిలోకి దిగుతుంది. ఎక్కువగా ఖోండలైట్, అక్కడక్కడా నీలి బూడిద రంగు చార్నోకైట్. ఖోండలైట్‌కు ఆ పేరు కొండల్లో ఉండే కోందు గిరిజనుల నుంచి వచ్చింది. కోణార్క ఆలయం కట్టింది కూడా ఈ జాతి రాయితోనే. చార్నోకైట్ గట్టిది, ఖోండలైట్ పొరలుపొరలుగా ఉండి పగుళ్ల వెంట తొందరగా లొంగిపోతుంది. కెరటం లోతు తగ్గేకొద్దీ మెల్లబడి వంగుతుంది. అందుకే దాని బలమంతా ముక్కు చుట్టూ పోగుపడి, పక్కన ఒంపులో పలచబడుతుంది. ముక్కు దగ్గర కోత, ఒంపులో మేట. యారాడ ఇసుక అలా నిలిచిందే.

ఆర్కే బీచ్‌లో కథ రాయిది కాదు, ఇసుకది. సుమారు మార్చి నుంచి అక్టోబరు దాకా నైరుతి దిక్కు నుంచి వచ్చే కెరటాలు ఇసుకను తీరం వెంట ఉత్తరానికి నడిపిస్తాయి, చలికాలంలో కొంత తిరిగి దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం మీద నడక ఉత్తరానికే. 1970లలో విశాఖ ఓడరేవు ఔటర్ హార్బర్ కోసం కట్టిన అడ్డుగోడలు ఆ నడకను ఆపాయి. దక్షిణం వైపు ఇసుక చేరుతుంది, ఉత్తరాన ఉన్న బీచ్‌కు రావాల్సింది రాదు. అందుకే డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకను మళ్లీ బీచ్ మీద పోయాల్సి వస్తోంది. అసలే ఇసుక లోటున్న ఈ బీచ్‌ను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మరింత కోసేసింది. కోత జరుగుతోందా లేదా అన్నది కంటితోనే పట్టుకోవచ్చు: ఇసుకలో నిలువుగా తెగిన మెట్టు, దాని కింద నల్లని చార. తేలిక స్ఫటిక (క్వార్ట్జ్) రేణువులు కొట్టుకుపోయి, బరువైన ఇల్మనైట్, గార్నెట్ ఖనిజాలు మిగిలితేనే ఆ చార వస్తుంది. మంచి అయస్కాంతం పెడితే నల్ల రేణువులు కొన్ని అంటుకుంటాయి.

ఇక మంగమారిపేట. తొట్లకొండకు ఎదురుగా, సముద్రపు ఒడ్డున రాతి తోరణం. ఈ యాత్రలో ఎక్కువ సేపు గడపాల్సిన చోటు ఇదే. తోరణం కన్నా ముందు దాని పక్క బండల్లో పగుళ్లు చూడండి. కెరటం వచ్చి పగులులోని గాలిని లోపలికి నొక్కేస్తుంది, వెనక్కి తగ్గగానే ఆ గాలి ఒక్కసారిగా వదులవుతుంది. ఈ నొక్కుడూ వదలడమూ రోజూ వేలసార్లు. పగులు విచ్చుకున్నాక గులకరాళ్లు లోపల చేరి ఉలిపని చేస్తాయి. అడుగున గుహ పడుతుంది, అది అవతలికి తెగితే తోరణం. కప్పు కూలితే మిగిలేది ఒంటి స్తంభం. చుట్టూ పడి ఉన్న దిమ్మలను చూస్తే ఇక్కడ కూలడం ఆగలేదని తెలుస్తుంది.

భూతద్దంతో రాతి ముఖం చూశాం. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉన్న చోట తెల్లటి మెత్తని పొడి, గోటితో గీస్తే రాలుతుంది. గార్నెట్ కుళ్లిన చోట తుప్పు మరక. మధ్యలో స్ఫటికపు చారలు మాత్రం అరిగిపోకుండా నరాల్లా పైకి తేలి ఉన్నాయి. తుంపర ఎండి ఉప్పు గట్టిపడేటప్పుడు రేణువులను విడదీస్తుంది, రాతి మీది తేనెతుట్టె లాంటి గుంటలు దాని పనే.

ఇక్కడ ప్రమాదం రెండు రకాలు. పచ్చని నాచు కంటే నల్లని పల్చని నాచు ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది రాయిలాగే కనిపిస్తుంది. గాడులున్న రబ్బరు అడుగు బూట్లు వేసుకోవాలి. రెండోది, కెరటాలన్నీ ఒకే ఎత్తున రావు. దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి పెద్ద కెరటం ఎక్కడిదాకా తాకుతోందో గుర్తు పెట్టుకోవాలి. సముద్రానికి వీపు చూపించకూడదు. తోరణం మీదికి ఎక్కడం, కింద కూర్చోవడం రెండూ వద్దు.

సాయంత్రం ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి దారిలో. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. గత మంచుయుగంలో సముద్రం దాదాపు 120 మీటర్లు కిందికి దిగినప్పుడు బయటపడిన నేల మీది ఇసుకను గాలి లోపలికి తెచ్చి పోసింది. ఇనుము ఉన్న ఖనిజాలు శిథిలమై ప్రతి రేణువుకూ ఎర్రపూత పట్టింది. కాసిన్ని రేణువులు అరచేతిలో తడిపి రుద్దితే నీరు ఎర్రబడుతుంది. చూశాక అక్కడే వదిలేయండి, గుప్పెడు మట్టి కూడా వెంట తేవద్దు.

ఎండగా ఉన్నప్పుడు గోడలు నిటారుగా నిలబడతాయి. వాన పడితే నీరు అడుగును కోసేస్తుంది, పైభాగం పెచ్చులుగా విరిగి పడుతుంది. మబ్బు పట్టిందంటే గెడ్డలోకి, అంటే వాననీరు కోసిన వాగులోకి, దిగకూడదు. గెడ్డ వెంట నడుస్తూ పోతే అది బీచ్‌లోకి తెరుచుకుంటుంది. అక్కడ బూడిదరంగు ఇసుక మీద ఎర్రమట్టి విసనకర్రలా పరుచుకుని ఉంది. మేము చూస్తుండగానే పోటు మొదలై, దాని అంచు తడిసి రంగు మారింది.