మా కొండ ఊరికి రోడ్డు కాగితం వచ్చింది: 14 నెలల నా అనుభవం

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా ఊరి రోడ్డుకి అటవీ అనుమతి కాగితం చేతికొచ్చింది. దానికోసం 14 నెలలు తిరిగాను. సంతోషం, కోపం రెండూ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను. మాలాంటి ఇంకో కొండ ఊరి కుర్రాడికి ఎవరికైనా పనికొస్తే చాలు.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు ఏజెన్సీలో ఒక కొండదొరల ఊరు. పేరు రాయను. రాస్తే ఏ ఆఫీసు సంగతి చెబుతున్నానో తెలిసిపోతుంది, అక్కడ మాకింకా పని ఉంది. 39 గడపలు, 168 మంది. తారు రోడ్డు ఆగిన చోటు నుంచి 6 కిలోమీటర్లు ఎక్కాలి, మధ్యలో రెండు గెడ్డలు, అంటే కొండవాగులు దాటాలి. నిరుడు శ్రావణంలో మా వదినకు నొప్పులొస్తే డోలీ కట్టి దించాం. రెండో గెడ్డ దగ్గర నీళ్లు నడుముదాకా ఉన్నాయి. నలుగురం డోలీని భుజాల మీంచి తలల మీదకి ఎత్తి పట్టుకుని దాటించాం. తల్లీబిడ్డా బతికారు. ఆ రాత్రే అన్నయ్య నాతో అన్నాడు, "నువ్వు చదువుకున్నావు కదరా, ఆ రోడ్డు సంగతేదో చూడు" అని.

ఊరంటే జాలిపడాల్సిన చోటు అనుకోవద్దు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల పాదులు, వాటి నీడలో కాఫీ, పక్క పోడుల్లో పసుపు, రాజ్‌మా, పిప్పళ్లు. చింతపండు, అడ్డాకులు సరేసరి. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే గుర్తింపు వచ్చింది, పేరు దేశదేశాలకు పోయింది. మా ఊరి గింజకి మాత్రం ఆ ధర రాదు. కారణం చిన్నదే. కాఫీ పండు కోసిన రోజునే పల్పింగ్ చేసి తోలు తీయాలి, లేకపోతే పులిసిపోతుంది. అలా తీసి, కడిగి, ఆరబెట్టిన పార్చ్‌మెంట్‌కి మంచి ధర పలుకుతుంది. పల్పింగ్ యూనిట్ కింద రోడ్డు పక్కన ఉంది. పచ్చి పండుని కావిడేసుకుని పొద్దుగూకే లోపు 6 కిలోమీటర్లు దించడం అయ్యే పని కాదు. అందుకని పండుని పండులాగే ఎండబెట్టి, చెర్రీ అని తక్కువకి అమ్ముకుంటాం. నేల అదే, మొక్క అదే, కష్టం అదే. జీపు మా ఊరిదాకా వస్తే మరుసటి పంటకే లెక్క మారిపోతుంది. మా ఊరి అభివృద్ధికి పెద్ద పెద్ద ప్రణాళికలు అక్కర్లేదని ఎవరడిగినా చెబుతాను.

మొదట ఇంజనీరు గారు గ్రామ ప్రొఫైల్ రాసిమ్మన్నారు. జనాభా, ఇళ్లు, పంటలు, బడి ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం. మూడు రోజుల్లో రాసేశాను.

తర్వాత జనాభా చిక్కు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో షెడ్యూల్డ్ ప్రాంతమైతే 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు అడగొచ్చు. 2023లో వచ్చిన ఇంకో పథకం పీఎం జన్‌మన్‌లో 100 మంది ఉన్నా చాలు, కానీ అది పోర్జా, గదబ, ఖోండు లాంటి పీవీటీజీ, అంటే మరీ వెనకబడ్డాయని ప్రభుత్వం గుర్తించిన తెగలకే. కొండదొరలం అందులో లేము. వాళ్లకి ఇచ్చారని నాకు ఏడుపు లేదు, ఇవ్వాల్సిందే. కానీ డోలీ మోసే భుజం ఏ తెగదైతే ఏంటి? దారి ఎలా దొరికిందంటే, కొండల్లో నడక దారిన కిలోమీటరున్నర లోపు ఉన్న ఆవాసాలను కలిపి లెక్కించొచ్చని నిబంధనల్లోనే ఉంది. మా పక్క ఊళ్లో 97 మంది. రెండూ కలిపితే 265. ఈ మాట ఇంజనీరు గారికి నేనే చెప్పాను. ఆయన మంచి మనిషి, విన్నారు.

ఇంకో లెక్క కూడా నేనే పట్టుకున్నాను, ఇది గర్వంగానే చెప్పుకుంటాను. దారిలో 1.4 కిలోమీటర్లు రిజర్వ్ ఫారెస్టులో పోతుంది. అటవీ హక్కుల చట్టం, 2006లో సెక్షన్ 3(2) ఉంది. బడి, అంగన్‌వాడీ, మంచినీళ్లు, రోడ్డు లాంటి 13 రకాల పనులకి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసు మీద ఇవ్వొచ్చు. హెక్టారుకి 75 చెట్లకు మించి కొట్టకూడదు. మొదటి అంచనాలో రోడ్డు వెడల్పు 8 మీటర్లు వేశారు. 1,400 మీటర్లని 8తో గుణిస్తే 11,200 చదరపు మీటర్లు, అంటే 1.12 హెక్టార్లు. హెక్టారు దాటితే ఈ దారి మూసుకుపోతుంది, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద వేరే పెద్ద దారిలో పోవాలి. వెడల్పు 6 మీటర్లకు తగ్గించమని అడిగాను. 0.84 హెక్టారు అయింది. చెట్లు 63 దాకా కొట్టొచ్చు, లెక్కపెడితే 52 వచ్చాయి. మీ ఊరి అంచనా ఎవరు వేసినా సరే, గుణకారం మీరొకసారి చేసి చూసుకోండి.

ఇక గ్రామసభ తీర్మానం. నా 14 నెలల్లో 7 నెలలు దీనికే పోయాయి.

రెండు ఊళ్లు కలిపి మర్రిచెట్టు కింద సభ పెట్టాం. పెద్దవాళ్లు 164 మంది ఉంటే 113 మంది వచ్చారు, అందులో 61 మంది ఆడవాళ్లు. సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. రెండూ సరిపోయాయి. తీర్మానం చదివి వినిపించాం. 39 మంది సంతకాలు పెట్టారు, 74 మంది వేలిముద్రలు వేశారు. పట్టుకెళ్లి ఒక ఆఫీసులో ఇచ్చాను.

నెలన్నర తర్వాత వెనక్కొచ్చింది. గ్రామసభ అంటే పంచాయతీ మొత్తం కూర్చోవాలట. మా పంచాయతీలో కొండకొకటి చొప్పున చాలా ఊళ్లున్నాయి, ఒక్క చెట్టు కింద అందరూ చేరేది ఎప్పుడు? గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన పెసా చట్టం, 1996 తెలుగు ప్రతి తీసుకెళ్లి, ఒక ఆవాసమైనా, కొన్ని ఆవాసాలు కలిసినా గ్రామమే అవుతుందని రాసి ఉన్న చోట గీత గీసి చూపించాను. చూశారు. "సరే, పెట్టివెళ్లు" అన్నారు.

మళ్లీ రెండు నెలలు. ఈసారి లోపలికి పిలిచారు. ఆ అధికారి కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని చూసి, "ఏరా, ఈ డెబ్బై నాలుగు వేళ్లూ నీవేనా?" అన్నారు. పక్కన ఇద్దరు నవ్వారు. నేను డిగ్రీ చదివాను. నన్ను ఏరా అన్నందుకు కాదు, మా వాళ్లు పని మానుకుని వచ్చి వేసిన ముద్రని దొంగ ముద్ర అన్నందుకు నాకు కాళ్లు వణికాయి. "అందరినీ తీసుకొచ్చి నా ఎదురుగా వేయించు" అన్నారు.

తీసుకెళ్లాను. అలా తీసుకెళ్లడం నా తప్పేనని ఇప్పుడు తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైట్లు పట్టుకుని 61 మంది కొండ దిగారు. ఆటోల డబ్బులు అందరం తలా కొంత వేసుకున్నాం. తొమ్మిదింటికి ఆఫీసు మెట్ల దగ్గర కూర్చున్నాం. మధ్యాహ్నం అయింది. తెచ్చుకున్న రాగి అంబలి అక్కడే తాగారు. గేటు దగ్గర మనిషి మెట్లు ఖాళీ చేయమంటే ఎండలోకి జరిగారు. సాయంత్రం అయిదింటికి అయిదుగురిని పిలిచారు, అందులో మా నానమ్మ ఒకరు. నీలం సిరాలో బొటనవేలు ముంచి తెల్లకాగితం మీద నొక్కింది. గీత ఒక్కటి పడలేదు, నున్నటి మరక పడింది. "చూశావా, ఇదేం వేలిముద్ర?" అన్నారు ఆయన నావైపు తిరిగి.

నానమ్మ తన వేలు ఎత్తి ఆయనకే చూపించింది. "అడ్డాకులు కుట్టి కుట్టి గీతలు అరిగిపోయాయి బాబూ. ఏ వేలు కావాలో చెప్పు, పదీ వేస్తాను" అంది.

ఆయన మాట్లాడలేదు. మిగతావాళ్లని వచ్చే వారం రమ్మని లేచి వెళ్లిపోయారు. చీకట్లో కొండెక్కాం. దారిలో ఒక్కరు కూడా నన్నొక మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. ఆ వేలితోనే నానమ్మ ప్రతి నెలా రేషన్ మిషన్ దగ్గర నాలుగైదుసార్లు నొక్కి నొక్కి బియ్యం తెచ్చుకుంటుంది. పని చేసి అరిగిన చేతిని చూసి దొంగ అనడం ఎంత పాపమో కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి.

రెండోసారి ఎవరినీ తీసుకెళ్లలేదు. మా బడిలో చెప్పి రిటైరైన మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. సమాచార హక్కు చట్టం కింద ఒకే ఒక్క ప్రశ్న వేశాను: గ్రామసభలో వేసిన ముద్రలను ఆఫీసుకొచ్చి మళ్లీ వేయాలని ఏ నిబంధనలో ఉంది, దాని ప్రతి ఇవ్వండి. అర్జీ రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 19వ రోజున ఫోన్ వచ్చింది, ఫైలు పైకి పంపించామని. నా ప్రశ్నకి జవాబు మాత్రం ఇవ్వలేదు.

ఆ తర్వాతంతా తేలిగ్గా జరిగిపోయింది. అటవీ శాఖ వాళ్లు, ఇంజనీరు గారు కలిసి వచ్చి దారి కొలిచారు, చెట్లకి నంబర్లు వేశారు. రేంజర్ గారు గెడ్డ దగ్గర మాతోపాటే కూర్చుని అన్నం తిన్నారు.

మీరు ఈ దారిలో బయలుదేరితే నా మాట ఒకటి వినండి. తీర్మానం రాసే రోజున పంచాయతీ కార్యదర్శిని బతిమాలైనా కొండెక్కించండి, ఆయన ఎదురుగానే ముద్రలు వేయించి ధ్రువీకరణ రాయించండి. ఫోన్లో వీడియో తీయండి. ఇచ్చిన ప్రతి కాగితానికి ముద్ర కొట్టిన రసీదు తీసుకోండి, నోటిమాట నమ్మకండి. ఫైలు కదిలిస్తానని సంతలో తగులుకునే మధ్యవర్తులకు రూపాయి కూడా ఇవ్వకండి. నన్ను ముగ్గురు అడిగారు, ముగ్గురికీ సెక్షన్ నంబరు కూడా తెలియదు. ఆఫీసుకి ఒంటరిగా వెళ్లకండి, అలాగని ముసలివాళ్లని మాత్రం తీసుకెళ్లకండి.

ఇక టెండరు పిలవాలి. వానలు తగ్గేదాకా మిషన్ కొండెక్కదు కాబట్టి నవంబరులో మొదలయ్యే కాఫీ కోత ఈ ఏడాదికి కావిడి మీదే దిగుతుంది. కాగితాన్ని మూడు జిరాక్సులు తీయించాను. ఒకటి పెదనాన్న పట్టా కాగితాల పెట్టెలో పెట్టారు. ఒకటి పక్క ఊరి పెద్దకి ఇచ్చాం. మూడోది నానమ్మ అడిగి తీసుకుంది. చదవలేదు, కానీ తన ముద్ర ఎక్కడుందో చూపించమంది. ఇందులో ముద్రలు ఉండవు నానమ్మా, అవి తీర్మానంలో ఉన్నాయి అని చెప్పాను. అయితే ఆ కాగితం కూడా తెచ్చి ఇమ్మంది. రేపు దిగి తీసుకొస్తాను.